ఎర్ర టేపు సిలిండరు

భయపడింది, అంతే, ఒక్క ముక్కలో తేల్చేశాడు అన్నయ్య, పడవ మీద ఆరుగురు కొత్తవాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని వింటుండగా, మా చెల్లి కాస్త భయపడిపోయింది లెండి, కంగారేం లేదు అన్నాడు, పదకొండేళ్ళుగా నీళ్ళలోకి దిగుతున్నదాన్ని, ఈ డైవింగ్ బడికి వచ్చినవాళ్ళలో సగం మందికి నీటి అడుగున ఊపిరి తీసుకోవడం నేర్పినదాన్ని, నేను భయపడ్డానట, ఆ మాట అని ఇది మూడో రోజు, పొద్దున్నే అమ్మ ఫోను చేసి ఇంక నీళ్ళ జోలికి పోకమ్మా, అన్నయ్య చెప్పాడు, ఒడ్డున సామాను చూసుకుంటూ ఉండు అంది, అంటే అప్పుడే ఇంటిదాకా చేరవేశాడన్నమాట, ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళుంటారని విన్నాను గానీ మద్దెల తనే పగలగొట్టి ఆడేదాన్ని తిట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను, సరే, సామానేగా, చూస్తాను, ఈ గదిలో తడి రబ్బరు వాసన మధ్య, కొక్కేలకు వరసగా వేలాడే, గాలి నింపితే తేలే ఈ జాకెట్ల మధ్య కూర్చుని, మాస్కులు ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి అంచులు చూస్తాను, ఇది చిరిగింది, అవతల పారెయ్, ఇది బిరుసెక్కింది, ఇదీ అవతలికే.

మోసేవాడికే తెలుసు కావడి బరువు, ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలుసు, కొత్తవాళ్ళను పైకి పంపి, రాళ్ళలో ఇరుక్కున్న లంగరు విడిపించడానికి మేమిద్దరం నిండు సిలిండర్లతో ఒకేసారి దిగాం, పద్దెనిమిది మీటర్లు, ఇరవై నిమిషాలు, లంగరు వదిలింది, తిరిగి బయల్దేరాం, ఊపిరి పీల్చబోతే గాలికి బదులు నోటినిండా ఉప్పునీళ్ళు, సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటరు ఊడి పక్కన వేలాడుతోంది, దాని రబ్బరు ముక్క మాత్రం నా పళ్ళ మధ్య ఉండిపోయింది, దాన్ని పట్టి ఉంచే పట్టీ తెగింది, తెగక చస్తుందా, ఆ రోజు సెట్లన్నీ బిగించింది అన్నయ్యే, అసలు పట్టీలు అయిపోయాయని కరెంటు తీగలు కట్టే సన్నపాటి ప్లాస్టిక్ పట్టీ చుట్టేశాడు, నేను దగ్గాను, అది నిజం, ఛాతీ మీద తగిలించుకున్న పసుపుపచ్చ గొట్టం అందుకుని అదనపు రెగ్యులేటరు నోట్లో పెట్టుకున్నాను, నీళ్ళు ఊదేశాను, పీల్చాను, అంతా కలిపి రెండు ఊపిరులంత సేపు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి బాగానే ఉన్నానని సైగ కూడా చేశాను, ఈలోగా ఎక్కడో ముందు పోతున్న అన్నయ్య కాళ్ళు టపటపా కొట్టుకుంటూ వెనక్కొచ్చి, నా సైగ చూడకుండా, మోచెయ్యి పట్టుకుని, జాకెట్‌లోకి గాలి నింపేసి పైకి ఈడ్చాడు, పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలని రోజూ అందరికీ పాఠం చెప్పే మనిషి ఒక్క క్షణం ఆగలేదు, నా ఎడమ చెవిలో పోటు ఇవాళ్టికీ తగ్గలేదు, ఇంత చేసి, భయపడింది.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు, లెక్కల టీచరుగారు, రిటైరయ్యాక డైవింగ్ నేర్చుకుంటానని వచ్చిన ఆవిడ, ఆ ఆరుగురిలో ఒకరు, నా కొలతకి సామాను చూపిస్తావా అమ్మా అంటూనే, మొన్న బాగా భయపడ్డావటగా అంది, పుండు మీద కారం చల్లినట్టయింది, కూర్చోండి టీచరుగారూ అన్నాను, మాస్కు ఇచ్చి పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగమన్నాను, చెయ్యి వదిలితే మాస్కు జారింది, ఇంకోటి, అదీ జారింది, మూడోది అతుక్కుని నిలబడింది, ఇదే మీది అన్నాను, ఆవిడ మాస్కులోంచే నవ్వింది, జాకెట్టు మాత్రం పెద్దదిచ్చాడు మీ అన్నయ్య, పట్టీలు బిగిస్తే సరిపోతుందన్నాడు అంది, నాకు ఒళ్ళు మండిపోయింది, భుజాల దగ్గర రెండు వేళ్ళు దూర్చి పైకి లాగితే జాకెట్టు ఆవిడ చెవులదాకా వచ్చింది, నీళ్ళ మీద తేలేటప్పుడు ఇదే జరుగుతుంది టీచరుగారూ, జాకెట్టు పైకి, మీరు కిందికి అన్నాను, నా గొంతు నాకే కటువుగా వినిపించింది, ఆవిడ మాత్రం తాపీగా, అయితే నా సైజుది ఇయ్యి, మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాలే, క్లాసుకి నలభై మంది పిల్లల్ని చూసినదాన్ని అంది, చిన్నది తొడిగాను, పట్టీలు సరిచేశాను, పసుపుపచ్చ గొట్టం ఛాతీ మధ్యకి తెచ్చి, కళ్ళు మూసుకుని పట్టుకోండి అన్నాను, పట్టుకుంది, మళ్ళీ, పట్టుకుంది, పదిసార్లు పట్టించాను, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, నువ్వు భయపడేదానిలా లేవమ్మా అంది.

ఆవిడకి సిలిండరు చూడాలి కదా, పడవ మీంచి దింపినవన్నీ ఆ మూల అలాగే పడున్నాయి, కోపంతో మూడు రోజులుగా నేను ముట్టుకోలేదు, ఏది నిండుదో ఏది వాడిందో తెలియాలంటే ఒక్కోదానికీ గాలి కొలిచే గేజి బిగించి వాల్వు తిప్పాలి, మొదటిది నాది, నూటపది బార్, అవును, అంతే ఉండాలి, రెండొందలతో దిగాను, పక్కనే ఎర్ర టేపు చుట్టినది, అన్నయ్యది, దాన్ని ఇంకెవరూ వాడకూడదు, అదొక గొప్ప ఆయనకి, నేను తిమింగలాన్నే, మీరు తాగేసే గాలిలో సగం చాలు నాకు అని అందరి ముందూ కోతలు కోస్తాడు, నిజమేలే, ఎప్పుడు కలిసి దిగినా నాకన్నా ముప్ఫై ఎక్కువతోనే పైకొస్తాడు, బిగించాను, తిప్పాను, నూటనలభై చూపించాల్సిన ముల్లు ఎనభై దగ్గర ఆగింది, గేజి చెడిందేమోనని తట్టాను, ఎనభై, ఇంకో గేజి మార్చాను, ఎనభై, అదే లోతు, అదే సమయం, ఇంత గాలి ఎక్కడికి పోయింది, గాలి అబద్ధం చెప్పదు, గుండె దడదడలాడేవాడు పీల్చినట్టు ఇంకెవరూ పీల్చరు, పైకి తేలాక పడవ నిచ్చెనదాకా ఆయన రెగ్యులేటరు నోట్లోంచి తియ్యలేదు, బయట బోలెడంత గాలి ఉన్నా సిలిండరు గాలే పీలుస్తూ వచ్చాడు, నా మీద కోపంతో మాట్లాడటం లేదనుకున్నాను.

ఇంతలో అన్నయ్యే వచ్చాడు, టీచరుగారికి జాకెట్టు మార్చావట అన్నాడు, మార్చాను అన్నాను, సరే, రేపు నువ్వు పడవలోనే ఉండు, నీళ్ళలోకొద్దు అన్నాడు, నీ సిలిండర్లో ఎనభై ఉంది అన్నయ్యా అన్నాను, గేజి వైపు చూశాడు, నా వైపు చూడకుండానే, వెనక్కి తిరిగేసరికి నీ నోటి దగ్గర బుడగలు ఆగిపోయాయి అన్నాడు, రేపు నేను దిగుతున్నాను అన్నాను, వద్దని అనలేదు, వెళ్ళిపోయాడు, నా కోపం ఎక్కడికీ పోలేదు, ఆ తీగలు కట్టే పట్టీ సంగతి, ఆ పడవ మీది మాట సంగతి ఇంకా తేలాల్సే ఉంది, కానీ వాల్వు మూస్తుంటే తెలిసింది, మొన్న నీటి అడుగున భయపడింది ఆయన, నేను చచ్చిపోయాననుకుని భయపడ్డాడు, ఆ సంగతి తన నోటితో చెప్పుకోలేక దానికి నా పేరు పెట్టాడు.