కొలతకో మనిషి

ఎర్రకోటు చేతి అంచు మళ్ళీ ఊడింది. మార్నీ కిటికీ దగ్గర కూర్చుని కుడుతోంది. ఒక చెవి పక్కగదిలో నిద్రపోతున్న పాప ఊపిరి మీదే ఉంది. సాల్మన్ చేప పెట్టిన రొట్టెలు ఆరు పొట్లం కట్టింది. థర్మోస్‌లో కాఫీ పోసింది. భర్త లైల్ కెమెరా బ్యాటరీలు ఛార్జింగు పెట్టి, అద్దం తుడిచింది. ఇవన్నీ అయ్యాక ఈ కోటు తొడుక్కుని వెళ్ళి మంచు ముందు నిలబడాలి. అదీ ఆమె పనే.

"ఇవాళ పాపని కూడా వీపుకి కట్టుకో," అన్నాడు లైల్, రెండో కప్పు కాఫీ వంపుకుంటూ. "ఎప్పుడూ నిలబడే రాయి దగ్గర ఆగకు. దాన్ని దాటి గులకరాళ్ళ తిన్నె దాకా నడువు. మంచుకి దగ్గరగా ఉంటే నువ్వు చిన్నగా కనిపిస్తావు, అది పెద్దగా కనిపిస్తుంది. నాన్న తీసిన ఫొటోల్లాగే వస్తుంది."

సూది ఆగింది.

"అక్కడిదాకా అల వస్తుంది, లైల్."

"నీకు అన్నిటికీ భయమే."

నిజమే, అన్నిటికీ భయమే. పాప దగ్గితే భయం, దగ్గకపోతే భయం. పాలు వేడెక్కాయేమోనని మణికట్టు మీద నాలుగుసార్లు వేసుకుని చూసుకుంటుంది. ఇన్ని భయాల్లో ఏది నిజమైందో ఒక్కోసారి ఆమెకే తెలియదు. కానీ పోయినేడు మంచుగోడలో ఒక ముక్క విరిగి నీళ్ళలో పడ్డప్పుడు అల ఆ తిన్నెని తుడిచిపెట్టినట్టు కడిగేసి పోవడం ఆమె కళ్ళారా చూసింది. లైల్ చూడలేదు. అతను వంగి కెమెరా సంచి సర్దుకుంటున్నాడు.

ఏటా సెప్టెంబరు రెండో శనివారం పడవలో వెళ్ళి, ఒకే గుట్ట మీదినుంచి ఆ మంచునదిని ఫొటో తీయడం ఆ ఇంటి ఆనవాయితీ. మామగారు ముప్పై ఒక్క ఏళ్ళు తీశాడు. ఆయన పోయాక మూడేళ్ళుగా లైల్ తీస్తున్నాడు. మంచు ఎంత ఎత్తో తెలియాలంటే కొలతకి ముందొక మనిషి ఉండాలి. మామగారి కాలంలో ఆ మనిషి అత్తగారు వెర్నా. పెళ్ళయిన ఏడాది ఆ కోటూ, ఆ చోటూ మార్నీకి వచ్చాయి. వీపు మాత్రమే కనిపించాలి. మొహం కనిపిస్తే చూసేవాళ్ళ కళ్ళు మంచు మీద నిలవవని మామగారు పెట్టిన నియమం. ఊరి గ్రంథాలయం గోడమీద ఆ ఫొటోలన్నీ వరసగా ఉన్నాయి. అలాస్కా చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరు తీశారని అడుగుతారు. ఎవరు నిలబడ్డారని ఎవరూ అడగలేదు.

పోయినేడు ఆమె ఒక మాట అంది: ఎండ కోసం ఆగొద్దు, మబ్బులోనే మంచు నీలం బాగా తేలుతుంది అని. "పదకొండో తరగతి మధ్యలో మానేసినదానివి, వెలుతురు గురించి నాకు చెప్తున్నావా," అన్నాడు లైల్ నవ్వుతూ. నవ్వుతూ అన్నాడు కాబట్టి బాధపడటానికి కూడా వీల్లేకపోయింది. గంటసేపు ఎండ కోసం ఆగి తీశాడు. మంచు ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా వచ్చింది.

అయినా ఏడాది మొత్తంలో ఆ పావుగంటంటే ఆమెకి ప్రాణం. అందరికీ వీపు పెట్టి నిలబడమని, అదీ పనే అని వాళ్ళే చెప్పారు. ఆ కాసేపు ఎవరూ పిలవరు. ఎదురుగా, ఎవరి ముత్తవ్వకి ముత్తవ్వా పుట్టకముందు కురిసిన మంచు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కలు కరుగుతూ పేలాలు వేగినట్టు చిటపటలాడతాయి. లోపల చిక్కుకున్న ఆనాటి గాలి ఇప్పుడు బయటికొస్తోందని వెర్నాయే చెప్పింది. పోయినేడు కడుపులో పాపతో అక్కడ నిలబడి, ఏ మొక్కూ మొక్కకుండానే ఎవరో ఆ గాలిని నాకోసం దాచిపెట్టి ఇచ్చినట్టుందని మార్నీ కన్నీళ్ళు పెట్టుకుంది. వెనకనుంచి ఎవరికీ కనిపించలేదు.

వెర్నాతో కలిసి గుట్ట దగ్గర పడవ దిగేసరికి ఆకాశమంతా మబ్బు. లైల్ కెమెరా బిగించి, "ఊఁ, నడువు," అన్నాడు.

మార్నీ కదల్లేదు. పాప పుట్టినప్పటినుంచీ పిలుస్తున్న పిలుపుతో అత్తగారిని అడిగింది. "నానమ్మా, మామయ్య మిమ్మల్ని ఎప్పుడైనా ఆ తిన్నె దాకా నడవమన్నాడా?"

"ఒక్కసారి అన్నాడు," అంది వెర్నా, రొట్టె నములుతూ. "ముందు నువ్వు నడిచి చూపించు, వెనకే వస్తానన్నాను. మళ్ళీ అనలేదు."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం, అమ్మా?" అన్నాడు లైల్.

"నువ్వెప్పుడడిగావురా? నీకూ మీ నాన్నకీ కెమెరా గోలే సరిపోయేది."

మార్నీ కోటు విప్పింది. "మంచు తగ్గిపోయింది, లైల్. నన్ను చిన్నగా చేస్తే అది పెద్దదవదు. పాపని పట్టుకో. టోపీ లాగేసుకుంటుంది, చూసుకో."

"మరి ఫొటో?"

"నేను తీస్తాను."

లైల్ తల్లివైపు చూశాడు. ఆవిడ అప్పటికే ఒక చెయ్యి కోటులో దూర్చింది. "అంచు బాగా కుట్టావే, అమ్మాయ్," అంటూ పాత రాయి దగ్గరికి నడిచి, అలవాటుగా వీపు పెట్టి నిలబడింది.

మార్నీ కెమెరాలో కన్ను పెట్టింది. మంచు చాలా దూరంలో, చాలా చిన్నగా ఉంది. నీలం మాత్రం తగ్గలేదు. దాన్ని ఉన్నదున్నట్టే ఉండనిచ్చింది.

"నానమ్మా, ఇటు తిరగండి."

"మొహం దేనికే? చూడాల్సింది మంచునిగా."

"ఇద్దర్నీ చూస్తారు లెండి."

గోడమీద ఇప్పుడు ముప్పై అయిదు ఫొటోలున్నాయి. చివరిది ఎవరు తీశారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆవిడ ఎవరని మాత్రం అందరూ అడుగుతున్నారు.