గింజ రాలని బీడు

మా ఆయనకి అబద్ధం ఆడటం రాదు. కాపురానికి అంతకన్నా కష్టం ఇంకోటి లేదు. కూర ఎలా ఉందని అడిగితే, ఎలా ఉందో చెప్పేస్తారు. పాల సంఘానికి సెక్రటరీ అయ్యాక ఆ జబ్బు పేటంతటికీ చుట్టుకుంది.

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మా పేటవాళ్ళం ఇరవై రెండెకరాల మేత పోరంబోకులోకి పశువుని దించం. గడ్డి గింజ పట్టి రాలేదాకా గట్ల మీద కోసుకొచ్చిందే వేస్తాం. అందుకే అక్కడ గరిక, ఊద, పిల్లిపెసర, ఇంకా మా అత్తగారు సువార్తమ్మ తప్ప ఎవరూ పేరు చెప్పలేని పాతిక రకాలు బతికున్నాయి. కౌలు చేలు ముంచినా, ఆ గడ్డి తిన్న గేదెల పాలతోనే యాభై ఇళ్ళు గడుస్తున్నాయి.

అక్టోబరు మొదట్లో ఓ రెవెన్యూ ఆఫీసరు వచ్చాడు. పక్కన రొయ్యల చెరువుల విశ్వనాథరాజు గారు.

"ఇక్కడ పశువులు మేస్తున్నాయా?"

"లేదండి. నెల రోజులుగా ఒక్కటీ దిగలేదండి" అన్నారు మా ఆయన సాల్మన్, మహా గర్వంగా. సంతకం కూడా పెట్టారు.

"మేతకు వాడుకలో లేదు" అని ఆఫీసరు రాసుకెళ్ళాడు. పది రోజుల్లో బీడు రాజుగారికి లీజయిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరం చర్చి ఆవరణలోనే ఉండిపోయాం.

"నీ మొగుడి నోటికి తాళం వెయ్యవే దీవెనా!" అంది వీరమ్మ పిన్ని.

"తాళం దొరికితే పెళ్ళినాడే వేసేదాన్ని పిన్నీ."

"నేను చెప్పింది నిజమే కదా! తప్పేంటి?" అన్నారాయన.

గుంపులోంచి ఐజాక్ లేచాడు. "రేపే గేదెల్ని తోలేద్దాం. మేస్తుంటే ఫొటోలు తీసి కలెక్టరాఫీసులో ఇద్దాం."

"తోలండి" అంది మా అత్తగారు. "పచ్చి వెన్నులు మేసేస్తే వచ్చే ఏడు ఏం మొలుస్తాయి, మీ ఫొటోలా?"

దించితే బీడు చస్తుంది, దించకపోతే రాజుగారిదవుతుంది. కాపాడినందుకే లాక్కునే ఈ రూలు ఎవరు రాశారో గానీ, వాళ్ళింట్లో గేదె లేదు.

మంగళవారం పొక్లెయిన్ వచ్చింది. మేసే పశువులున్నాయని చూపడానికి పేటంతా గేదెల్ని తోలుకెళ్ళి గట్టు మీద నిలబడ్డాం. అవి గడ్డికేసి గుంజుతున్నాయి. పలుపులు అరచేతులు కోస్తున్నా ఒక్కదాన్నీ దించలేదు.

రాజుగారు నవ్వారు. "మీ గేదెలే దిగట్లేదు, ఇంకేం బీడమ్మా? చెరువుల్లో కూలి పని మీకే ఇస్తాలెండి."

"మా బీడు తవ్వే కూలి మాకే ఇస్తారా? ఎంత దయండీ!" అని వీరమ్మ పిన్ని తన పలుపు నా చేతిలో పెట్టి, పొక్లెయిన్ ముందు కూర్చుంది. మా ఆయనా కూర్చున్నారు.

పోలీసులతో వచ్చిన ఎస్సై గారు లీజు మీద అభ్యంతరాల గడువు దాటిపోయిందన్నారు. పోలీసులు ఒకరిని లేపితే, ఇంకొకరు పలుపు పక్కవాళ్ళకిచ్చి ఆ చోట కూర్చున్నారు. కాసేపటికి నా చేతిలో ఆరు పలుపులు. అయినా పక్కనుంచి పొక్లెయిన్ తొట్టి ఓసారి దిగనే దిగింది. పచ్చి వెన్నులతో సహా పెళ్ళ లేచింది. మా అత్తగారు కళ్ళు మూసుకుంది.

కూర్చున్నవాళ్ళని పోలీసు వ్యాను ఎక్కిస్తుంటే మా ఆయన మెట్టు మీద ఆగిపోయారు. గట్టు మీదున్న అందరికీ వినబడేలా అరిచారు.

"ఎందుకు దించలేదో చెప్పకుండా సంతకం పెట్టేశానర్రా! సగం నిజమే చెప్పాను. తప్పు నాదే!"