కాలా, కార్బురేటరా?

రఘునాథపల్లి దగ్గర హైవే దాటుతుండగా మా పాత ఫియట్ రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ఇంజన్ ఆగలేదు, నడుస్తూనే ఉంది. నేను యాక్సిలరేటర్ తొక్కాను. బండి మాత్రం ఏదో ఆలోచనలో పడ్డట్టు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. కుడివైపు నుంచి పత్తి లారీ హారన్ కొడుతూ మీదికి వచ్చేస్తోంది. ఇక అయిపోయింది అనుకునేసరికి బండి ఒక్క దూకు దూకింది. లారీ మా డిక్కీని గాలితో తుడుచుకుంటూ పోయింది. పక్క సీట్లో ఉన్న మా ఆయన ప్రభుదాసు "ప్రభువా" అనబోయి సగమే అన్నారు. మిగతా సగం స్టేషన్ ఘన్‌పూర్ దాటాక అన్నారు.

ఇంటికొచ్చి సంగతి చెబితే మా అబ్బాయి శాంసన్ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"తప్పు బండిది గాదమ్మా, నీ కాలిది."

నాకు షుగర్ ఉంది. అరికాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. పోయిన నెల చర్చిలో ఒక చెప్పు ఊడిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో మెట్లు దిగి వచ్చేశాను. అప్పుడది ఇంటిల్లిపాదికీ నవ్వులాట. ఇప్పుడదే నా మీద సాక్ష్యం. అసలు సాక్షిని అడుగుదామంటే మా ఆయన "నేను కాలు జూడలే సారమ్మా, లారీని జూసిన" అని చేతులు దులుపుకున్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరైనదాన్ని, నా కాళ్ళకు వంక పెడితే ఊరుకుంటానా?

"బండిల తప్పుంటే తాళం నా దగ్గర్నే ఉంటది. లేకుంటే నీకిచ్చేస్త. మళ్ల అడగ" అన్నాను.

"మాటేనా?"

"మాటే."

అనడమైతే అన్నాను గానీ లోపల గుబులు పట్టుకుంది. ఆ తాళం లేకపోతే కేసముద్రంలో మా చెల్లెలిని చూడాలన్నా, సంతకు పోవాలన్నా ఎవరికి తీరిక దొరుకుతుందా అని గుమ్మంలో కాచుకోవాలి.

మడికొండలో పాత బండ్లు బాగుచేసే ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసి, "తొక్కంగనే గ్యాప్ ఇస్తాంది, జర జూడు" అని చెప్పాను. సాయంత్రం శాంసన్ బండిని అతని షెడ్డులో వదిలి వచ్చాడు. పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం.

"అంతా సెట్ జేసిన టీచరమ్మా. ఫికర్ జెయ్యకున్రి" అంటూ ఓంప్రకాశ్ బండి స్టార్ట్ చేసి తొక్కి చూపించాడు. ఎక్కడా తడబాటు లేదు. ఆపి, తాళం నా చేతిలో పెట్టాడు.

శాంసన్ అరచెయ్యి చాచాడు. వాడి మొహంలో గెలిచానన్న సంతోషం ఉన్నా బాగుండేది. జాలి ఉంది. నేను తాళాన్ని పిడికిట్లోనే పట్టుకుని ఓంప్రకాశ్ వైపు తిరిగాను.

"ఇంతకు ఏం జేసినవయ్యా?"

"మీరే జెప్పిన్రు గద, గ్యాప్ అని. ప్లగ్గుల గ్యాప్ జూసిన, పాయింట్ల గ్యాప్ జూసిన. రెండూ సరిజేసిన."

నిప్పురవ్వ దూకే సన్నటి సందు మెకానిక్కులకు గ్యాప్. నేనన్నది అది కాదు. నాకు ఒళ్ళు మండింది, అతని మీదా, నా నోటి మీదా.

"ఆ గ్యాప్ గాదయ్యా! నేను తొక్కినంక బండి అందుకునేదానికి నడుమ వచ్చే గ్యాప్. తొక్కంగనే ముందుగాల గుటక మింగుతది, తర్వాత ఉరుకుతది."

ఓంప్రకాశ్ నాలుక కరుచుకున్నాడు. "గట్ల జెప్పాలె గద టీచరమ్మా! గది ప్లగ్గులది గాదు."

"మరి ఇప్పుడు రాలే గదన్నా?" అన్నాడు శాంసన్.

"చల్లటి ఇంజన్, చోక్ గుంజి స్టార్ట్ జేసిన. చోక్ మీద పెట్రోల్ ఎక్కువ వోతది, రోగం కనవడది. జర వేడెక్కనీ."

నేనిచ్చిన తాళంతో ఓంప్రకాశ్ మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఇంజన్ వేడెక్కేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. ఒకవేళ అప్పుడూ ఏమీ రాకపోతే? ఓంప్రకాశ్ చోక్ లోపలికి నెట్టి, "ఇగ తొక్కున్రి" అన్నాడు.

"నేను తొక్క. నేను తొక్కితే నీ కాలే అంటడు. వాణ్ణే తొక్కనీ."

శాంసన్ కూర్చుని మెల్లగా తొక్కాడు. ఇంజన్ మోత నున్నగా పైకి లేచింది. ఎక్కడా గ్యాప్ లేదు.

"మెల్లగ గాదు తమ్మీ. లారీ మీదికి వస్తాంది అనుకొని తొక్కు" అన్నాడు ఓంప్రకాశ్.

శాంసన్ ఒక్కసారిగా నొక్కాడు. ఇంజన్ గొంతు పట్టేసినట్టు డీలా పడింది, బండంతా వణికింది, ఆ తర్వాత గట్టిగా అరిచింది. వాడు కాలు తీసి మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అదే.

"ఇప్పుడు ఎవ్వరి కాలు బిడ్డా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది, కానీ నోరు ఊరుకుంటేగా!

ఓంప్రకాశ్ ఇంజన్ ఆపి, పైనున్న ఎయిర్ ఫిల్టర్ విప్పి, శాంసన్ చేతికి టార్చి ఇచ్చి కార్బురేటర్ లోపలికి చూడమన్నాడు. తను పక్కనున్న లివర్ లాగాడు.

"ఒక్కసారి తొక్కితే గాలి జోరుగ లోపటికి వోతది. దానికి సరిపోను ఈ సన్న గొట్టం కెల్లి పెట్రోల్ పిచికారీ గొట్టాలె. కొడ్తాందా?"

"లే. ఒక్క చుక్క ఏలాడ్తాంది, గంతే."

ఆ పిచికారీ కొట్టే చిన్న పంపు విప్పితే దానిలోని రబ్బరు బిళ్ళ పగిలి ఉంది. ఎంత కాలం నుంచి నలుగుతోందో పాపం! ఓంప్రకాశ్ కొత్తది వేసి మళ్ళీ లివర్ లాగాడు. పెట్రోల్ సన్నటి ధారగా చిమ్మింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"రఘునాథపల్లి పోదాం. అదే క్రాసింగ్ కాడ దాటి చూపిస్త" అన్నాను. శాంసన్ నా పక్కన కూర్చున్నాడు.

క్రాసింగ్ దగ్గర ఆగాను. కుడివైపు దూరంగా లారీ వస్తోంది. సందు చాలు. తొక్కాను. తొక్కగానే బండి కదిలింది, రోడ్డు దాటి వరంగల్ వైపు తిరిగేసింది. లారీ ఇంకా క్రాసింగ్ దాకా రానేలేదు.

"సారీ అమ్మా," అన్నాడు శాంసన్. "ఊకనే నీ కాలును అన్న. తాళం నీదే."

ఆ మాట వాడి నోట వినాలని ఎంత ఆరాటపడ్డానో దేవుడికే తెలుసు.

ముందు పోతున్న బస్సు స్టాపులో ఆగింది. బ్రేకు తొక్కాను. బస్సు దగ్గరికొస్తూనే ఉంది. ఇంకా గట్టిగా తొక్కాను. బండి ముందుకు ఎగిరింది. కిందికి చూశాను. నా కాలు యాక్సిలరేటర్ మీద ఉంది. చూస్తూ చూస్తూ దాన్ని పక్కకు జరిపి బ్రేకు అదిమాను. బస్సు వెనక బంపరుకు జానెడు దూరంలో ఆగాం.

శాంసన్ డ్యాష్‌బోర్డు పట్టుకుని పకపకా నవ్వాడు. "అబ్బ, ఏం పికప్ అమ్మా! జర భద్రం, ఇది నిన్నటి బండి గాదు."

వాడు నా కాలు చూడలేదు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు ఇలా తప్పు తొక్కానో! బండి తాత్సారం చేసిన ఆ కాస్త వ్యవధిలో కాలు సర్దుకుని ఉంటాను, నాకే తెలియకుండా. ఇకమీదట బండి నా కోసం ఆగదు. నేను చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇంటికెళ్ళి నలుగురిలో తల ఎత్తుకుని తిరగొచ్చు.

బస్సు కదిలిపోయింది. నేను బండి పక్కకు తీసి ఇంజన్ ఆపి, తాళం తీసి వాడి చేతిలో పెట్టాను.

"అలిగినవా అమ్మా? సారీ అన్న గద!"

"అలుగలే బిడ్డా. బండిది తప్పే, అది నిజమే. నువ్వన్నది గూడ నిజమే. కాలు యాడున్నదో నాకు తెలుస్తలేదు."

వాడి నవ్వు ఆగిపోయింది. నేను తలుపు తీసుకుని దిగి, బానెట్ పట్టుకుంటూ అటువైపు సీటుకు నడిచాను. లారీలు పోతున్నాయి, బస్సులు పోతున్నాయి. అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.