సున్నపుకొండ నెత్తిన రాయి

దానయ్య రాయ్‌పూర్ రైల్వేలో కీమేన్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా భుజాన సుత్తితో, పట్టాల కింద పరిచిన స్లీపర్ మీంచి స్లీపర్ మీదికి అడుగేస్తూ, పట్టాల్ని పట్టి ఉంచే కీలు వదులైతే బిగిస్తూ నడిచినవాడు. ఆయన వస్తుంటే పట్టాలే వంగి దండం పెట్టేవని కాలనీలో చెప్పుకుంటారు, చెప్పింది దానయ్యే. అలాంటి మనిషి షుగరొచ్చాక అరుగు దిగడం మానేశాడు. పక్క పట్టా మీద కదలకుండా పడుండే బండిలా ఉన్నాడని, పక్కింటి రిటైర్డ్ గార్డు సత్తిరాజు ‘లూప్‌లైన్ గూడ్సు’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు పాలవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు.

అందుకే పందెం పడింది. బస్సులో ఆరంగ్ ఊరు దాటాక సున్నపురాళ్ల అడవి. దాని అంచు పల్లెలో దిగి, కొండదాకా నడిచి, నెత్తిన నిలబడ్డ రాయి ఏ ఆకారంలో ఉందో చెబితే ఆ పేరు మళ్లీ ఎత్తనన్నాడు సత్తిరాజు. తాను మాత్రం పల్లెలో నులకమంచమెక్కి టీ అడిగాడు.

పల్లె దాటకముందే దానయ్యకి చిర్రెత్తింది. కాలు స్లీపర్ల దూరంలోనే పడుతోంది. పడిన ప్రతిచోటా గుంటో, పేడో, కోడో. ఒక కోడి ఆయన నడక చూసి పిల్లలన్నిటినీ చూరెక్కించింది. దారినీ, అడవినీ, షుగరుకి నడవమన్న డాక్టరునీ కలిపి తిట్టాడు. భార్య బంగారమ్మ కొంగు దోపి ముందు పోతూనే ఉంది.

కొండ మొదట్లో తెల్లటి బండలు, మధ్యన పగుళ్లతో, అచ్చం స్లీపర్లలా పరుచుకుని ఉన్నాయి. కాలు కుదిరింది. దానయ్య ఎక్స్‌ప్రెస్ అయిపోయాడు. ఆ గాలికి బంగారమ్మ కొప్పు ఊడింది, కోతులు సిగ్నలిచ్చాయి. కొండ చుట్టొచ్చి పల్లెలో సత్తిరాజు మంచం ముందే ఆగాడు.

"ఏటి దానయ్యా, రాయెలాగుంది?"

దానయ్యకి రాయి గుర్తు రాలేదు. తలెత్తితే కదా.

"మలుపు కాడ రెండు బండలు లూజుగున్నాయి బాబూ," అన్నాడు. "కాలెడితే ఊగిపోతన్నాయి. ఎవలూ సూసినట్టు లేదు."

సత్తిరాజు నవ్వుకి మంచం నులక రెండు పోగులు తెగాయి. దానయ్య వగర్చుకుంటూ వస్తున్న భార్యని పట్టుకున్నాడు. "నువ్వు సూసినావు గదే, సెప్పీ."

"సూసినాను. నాను సెప్తే నువ్వు సూసినట్టవుద్దేటి?"

తిరుగు బస్సు హారన్ మోగింది. "చలో లూప్‌లైన్," అన్నాడు సత్తిరాజు.

దానయ్య బస్సు వెనక కిటికీలోంచి మెడ చాచాడు. దుమ్ములో కొండ మొత్తమే మాయమైంది. ఆ దుమ్ము రాయ్‌పూర్ దాకా వెంటబడిందని ఇప్పటికీ ఒట్టేస్తాడు. దిగుతూ, రేపు తొలి బస్సెప్పుడని కండక్టర్ని గట్టిగా అడిగాడు. జవాబు వినలేదు. బస్సు మెట్టుకి బోల్టు వదులైంది, దాన్నే చూస్తున్నాడు.