తీసెయ్యని పేరా

"ఏం మీటింగో ఏమో! నువ్వెళ్లకపోతే ఆ ఆఫీసేం మూతపడదులే. పెందలాడే వచ్చెయ్. అమ్మకి ఏడింటికల్లా అన్నం పడాలి" అన్నాడు భర్త, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ.

ఆమె "సరే" అంది. ఆ మాట పద్నాలుగేళ్లుగా ఆమె నాలుక చివరే కాపురముంటోంది. ఇంటిల్లిపాదికీ చాకిరీ ఆమెది. వచ్చినవాళ్ల దగ్గర అత్తగారి మురిపెం మాత్రం "మావాడు ఇల్లెంత చక్కగా ఉంచుకుంటాడో!" అని. విద్యుత్ శాఖలోనూ అంతే. నివేదికలు రాసేది ఆమె, కింద సంతకం డైరెక్టరుది.

ఈసారి వ్యవహారం పెద్దది. ఒక విదేశీ కంపెనీ రేవు కడతానంటోంది, రైలుమార్గం వేస్తానంటోంది. దాంతోపాటే బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టి, ముప్పై ఏళ్లపాటు ఆ కరెంటే కొనాలంటోంది. ఇరవై ఏళ్లలో బొగ్గు మానేస్తామని దేశం చట్టమే చేసుకుంది. రెండూ ఎలా పొసగుతాయి? రేవు కావాలందాం, బొగ్గు వద్దందాం, బదులుగా గాలిమరలు అడుగుదాం అని ఆమె ఒక పేరా రాసింది.

"అది తీసెయ్యమ్మా. వచ్చిన పెట్టుబడి కాస్తా పారిపోతుంది" అన్నాడు డైరెక్టరు.

"సరే" అనబోయింది. కానీ అనలేదు. సీటుకొచ్చి ఆ పేరా మళ్లీ చదివింది. అందులో ఒక్క అక్షరం కూడా తప్పనిపించలేదు. ఎలా ఉన్నది అలాగే మంత్రిగారి ఆఫీసుకి పంపేసింది.

మధ్యాహ్నం సమావేశంలో మంత్రిగారు కాగితం మీదినుంచి తలెత్తి, "ఇదెవరు రాశారు?" అన్నారు. డైరెక్టరు పైకప్పు వంక చూశాడు.

"నేనేనండీ."

అనువాదకుడు ఆ పేరా చదివి వినిపించగానే, కంపెనీ ప్రతినిధి తన భాషలో ఏదో చెప్పింది. అనువాదకుడు గొంతు సవరించుకున్నాడు. "గాలిమరల ప్రతిపాదన కూడా వాళ్ల దగ్గర సిద్ధంగానే ఉందటండీ. ఇన్నాళ్లూ మనవాళ్లెవరూ అడగలేదట."

ఎవరూ పారిపోలేదు. మంత్రిగారు పాత ఒప్పందం పక్కన పెట్టించి, "కొత్తది ఈమె దగ్గరుండి రాయించాలి. ఇవాళే మొదలుపెట్టండి" అన్నారు. ఆమె వరండాలోకొచ్చి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఆరున్నరకి ఫోను మోగింది.

"ఇంకా బయల్దేరలేదా? అమ్మ ఆకలంటోంది."

"పనుందండీ, ఆలస్యమవుతుంది. ఇవాళ అన్నం మీరు వండండి."

పద్నాలుగేళ్లుగా ఏ పిడుగుకైతే భయపడుతూ వచ్చిందో అది ఇక పడబోతోందనుకుని, ఆమె కళ్లు మూసుకుంది.

"గ్లాసుడు బియ్యానికి నీళ్లెన్ని పొయ్యాలి?" అన్నాడతను.