గవర్నరు గారి తప్పు

కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే ఎక్కడికో పోవాలి. ఓబుళేసుకు పుట్టుకతోనే వచ్చిన గుణం అది. తల్లి కడుపులో తొమ్మిది నెలలు ఓపిక పట్టలేక ఎనిమిదో నెలలోనే బయటపడ్డాడని కుందుర్పి పక్క పల్లెల్లో ముసలివాళ్లు చెప్పుకునేవాళ్లు. అలాంటి మనిషిని తీసుకుపోయి గవర్నరును చేశారు. కదలకుండా కూర్చోవడమే పనైన ఉద్యోగం అది. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ జడ్జీ కూడా వేసి ఉండడు.

ఆయనది నల్లగుండ్లపల్లి. తండ్రికి ముప్ఫై గొర్రెలు, వాన పడితే పండే ఏడెకరాల ఎర్రనేల, అంతే. తల్లి చిన్నప్పుడే పోతే అక్క రామక్క ఎత్తుకుని పెంచింది. గొర్రెల వెనక తిరిగినవాడు అనంతపురం పోయి చదివాడు, ప్లీడరయ్యాడు. నల్లకోటు తొడిగిన రెండేళ్లకే దాన్ని విప్పి కొయ్యకు తగిలించి స్వరాజ్యం కోసం జైలుకు పోయాడు. వచ్చాక ఎన్నికల్లో గెలిచాడు. కర్నూలులో గుడారాల కింద రాజధాని నడిచిన రోజుల్లో ఆ గుడారాల్లోనే పడుకున్నాడు. తర్వాత మంత్రి. మంత్రిగా ఉన్నన్నాళ్లూ జీపు దిగింది లేదు. ఎక్కడైనా చెరువు కట్ట తెగిందంటే కలెక్టరు చేరేలోగా ఆయన మోకాలి లోతు బురదలో నిలబడి ఉండేవాడు. అరవై రెండులో ఓడిపోయాడు. అంత పెద్దమనిషిని ఊరికే ఇంట్లో ఉంచితే బాగుండదనుకున్నారో ఏమో, ఉత్తరాదిలో ఒక రాష్ట్రానికి గవర్నరుగా పంపారు.

అక్కడ నూరు గదుల బంగళా. భార్య పోయి అప్పటికి ఆరేళ్లు, పిల్లలు లేరు. నూరు గదుల్లో ఒక్క మనిషి ఎన్ని గదులు తిరుగుతాడు? అయినా తిరిగేవాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి. ఆయన వెనక తెల్ల బట్టల బంట్రోతు, బంట్రోతు వెనక మిలిటరీ దుస్తుల్లో అంగరక్షకుడు ఏడీసీ. సంతకం పెట్టమన్నచోట సంతకం పెట్టాలి. రిబ్బను చూపిస్తే కత్తిరించాలి. ఏడాదికొకసారి సభలో నిలబడి, "నా ప్రభుత్వం బావులు తవ్విస్తుంది" అని ఎవరో రాసిచ్చింది చదవాలి. ఆ బావులు ఎక్కడ తవ్వుతారని అడిగితే సెక్రటరీ చిన్నగా దగ్గేవాడు.

అరవై అయిదులో మన సీమలో వాన మొహం చాటేసింది. సంక్రాంతి పోయాక రామక్క బడి అయ్యవారి చేత ఉత్తరం రాయించింది. బావిలో నీళ్లు పదిహేను బారల కిందికి పోయాయనీ, గొర్రెలను తుంగభద్ర గట్లకు తోలారనీ, తిప్పేస్వామి వాళ్ల ఎద్దు మేతలేక పడిపోతే లేపడానికి ఆరుగురు పట్టారనీ. ఓబుళేసు ఆ కాగితం చేత్తో పట్టుకునే తోటలోకి పోయాడు. అక్కడ పచ్చిక మీద పైపుతో నీళ్లు కొడుతున్నారు. వంగి కొళాయి కట్టేశాడు. మరునాడు పొద్దున కిటికీలోంచి చూస్తే ముగ్గురు మాలీలు బక్కెట్లతో అదే పచ్చికకు నీళ్లు పోస్తున్నారు. గవర్నరు గారికి పైపు చప్పుడు నచ్చలేదని చెప్పుకున్నారట.

అదే వారంలో ఢిల్లీ నుంచి కబురు వచ్చింది. ఇంకా పెద్ద రాష్ట్రం ఇస్తాం, ఫిబ్రవరి పదో తేదీ లోపల తంతి కొట్టండి అని. ఓబుళేసుకు ఊరికి వచ్చేయాలని ఉంది. కానీ ఊరు తనను ఇంకా తన మనిషి అనుకుంటుందా? ముప్ఫై ఏళ్లుగా మోటారులో వచ్చి, దండలు వేయించుకుని, మోటారులోనే పోయినవాడు. ఒకసారి పోయి చూడాలి. అనుకుంటే ఉండిపోవాలి, లేదంటే ఆ పెద్ద రాష్ట్రానికే పోయి అక్కడి గదుల్లో తిరగాలి. గోడకున్న ఇంగ్లీషు క్యాలెండరు మీద తానే వేలు పెట్టి ఫిబ్రవరిలో ఒక శనివారం చూపించాడు, ఊరికి ముందుగా కబురు పెట్టొద్దన్నాడు. ఆ క్యాలెండరులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి గానీ పున్నములు ఉండవు.

అది మాఘ పున్నమి. ఆ రోజు నల్లగుండ్లపల్లి వాళ్లు ఊళ్లో ఉండరు. తెల్లవారకముందే పొయ్యిలు ఆర్పి, గడపలకు ముళ్లకంప అడ్డం వేసి, మేకలతో కోళ్లతో సహా పొలిమేర దాటి బీడులో దిగుతారు. వంటా వార్పూ అక్కడే. పొద్దు గుంకేదాకా ఊళ్లో నిప్పు రగలకూడదు, పొగ లేవకూడదు. లేచిందంటే ఆ ఏడు మబ్బు ఆ దిక్కు చూడదని తాతల నాటి నమ్మకం.

నాలుగు కార్లు ఊళ్లోకి వచ్చాయి. స్వాగతం లేదు, దండ లేదు, మొరగడానికి కుక్క కూడా లేదు. ఏడీసీ తుపాకి మీద చెయ్యి వేశాడు. కలెక్టరుకు చెమటలు పట్టాయి. ఓబుళేసు మాత్రం బడి వైపే చూస్తున్నాడు. అక్కడ నుంచి సన్నగా పొగ లేస్తోంది. గవర్నరు గారికి టీ కావాలని ముందే వచ్చిన వంటమనిషి మూడు రాళ్లు పెట్టి పొయ్యి రగిలించాడు.

ముళ్లకంపలు, చల్లారిన ఊరు, పొగ. మూడూ కలిపి చూసేసరికి ఆయనకు మాఘ పున్నమి గుర్తొచ్చింది. పరిగెత్తాడు. బక్కెట్టెడు నీళ్లు తానే పొయ్యి మీద కుమ్మరించాడు. తడిసిన కట్టెల నుంచి ఇంకా పెద్ద పొగ లేచింది. దూరంగా బీడులో ఊరంతా లేచి నిలబడి ఆ పొగనే చూస్తోంది.

కారు వద్దని నడిచే పోయాడు. ఆయన్ని చూడగానే ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు, మగవాళ్లు తలగుడ్డలు తీశారు. ఊరి పెద్ద మద్దిలేటి ముందుకు వచ్చాడు. ఒకప్పుడు ఓబుళేసుతో కలిసి గొర్రెలు కాసినవాడే, ఒకే ముంతలో గంజి తాగినవాడే. చేతులు జోడించి, ఎండలో నడిచి వచ్చారే సామీ అని నొచ్చుకున్నాడు.

పున్నమి నాడు నిప్పు పెట్టినవాడికి ఊరు తప్పు వేస్తుంది. ఎవరి కోసం పెడితే వాడిదే ఆ తప్పు. పొలిమేర బావిలో కడివెడు నీళ్లు తోడి, చెప్పులు లేకుండా పొలిమేర చుట్టి, తొమ్మిది హద్దురాళ్ల దగ్గరా చారెడు పోయాలి. కడవ కింద పెట్టకూడదు, మరొకరు తాకకూడదు. అయితే తెలియక చేసిన పరాయివాళ్లకు తప్పు లేదు. ఊరివాళ్లు అంతసేపూ తమలో తాము గుసగుసలాడింది ఇదే. మద్దిలేటి ఎంతో మర్యాదగా, ఏమీ అనుకోవద్దు దొరా, మీకేం తప్పు లేదు, నీడకు రండి అన్నాడు.

ఓబుళేసు నీడకు పోలేదు.

"నా కోసరమే గదప్పా పొయ్యి పెట్టింది. ఊరి కట్టు నాకు తెలుసు. తప్పు నాది" అన్నాడు.

"అది మీరు ఈ ఊరోళ్లుగా ఉన్నప్పటి మాట గదా సామీ."

ఎంత మెత్తగా అన్నాడో ఆ మాట. జైల్లో తిన్న లాఠీ దెబ్బ కూడా ఆయనకు అంత లోతుగా దిగలేదు. అటు నాలుగడుగులు వేశాడు, ఇటు నాలుగడుగులు వేశాడు. కలెక్టరు మెల్లగా దగ్గరికి వచ్చి, వాళ్లే వదిలేస్తున్నారు కదండీ అన్నాడు. ఆ వదిలేయడమే కదా బాధ! అది కలెక్టరుకు ఎలా తెలుస్తుంది?

అందరూ లేచి నిలబడినా లేవనిది రామక్క ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి, తుమ్మచెట్టు మొదట్లో కాళ్లు చాపుకుని రాగిముద్ద చేస్తోంది. ఓబుళేసు పోయి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె ముద్ద చేయడం ఆపలేదు.

"ఏమిరా, తప్పు మోసి మళ్లా మోటారెక్కి పోతావా?"

"పోనక్కా. ఊరు పట్టుకుంటే ఉండిపోతా. అది అడుగుదామనే వచ్చినా."

"యాడన్నా ఉండినావా నువ్వు? అనంతపురంలో ఉండినావా, కర్నూల్లో ఉండినావా? జైల్లో తలుపేసినారు కాబట్టి ఉండినావు."

పక్కనున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. రామక్క చేతులు దులుపుకుని, చెట్టు పట్టుకుని లేచింది.

"మద్దిలేటీ, వీడు పుట్టిన దినం కాన్పింట్లో కుంపటి పెట్టింది నేను. వీడు పరాయోడైతే నేనూ పరాయిదాన్నే, నా పొయ్యీ పరాయిదే. దొర అని బయపడొద్దు. తప్పు పట్టప్పా."

మద్దిలేటి నలుగురి మొహాలూ చూశాడు. ఎవరూ కాదనలేదు. గొంతు సవరించుకుని, ఓబుళేసూ, తప్పు నీదే, కడవ ఎత్తుకో అన్నాడు. ఊరు పెట్టిన పేరుతో, ఏ గారూ లేకుండా.

ఏడీసీ అడ్డం వచ్చాడు, గవర్నరు అంటే రాజ్యానికే ప్రతినిధి అన్నాడు. ఓబుళేసు బూట్లు విప్పి ఆయన చేతికిచ్చాడు.

పదిహేను బారల తాడు లాగేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. అడుగు నుంచి వచ్చింది సగం నీళ్లు, సగం మట్టి. కడవ భుజాన పెట్టుకుని బయలుదేరాడు. మొదటి రాయి, రెండో రాయి. పల్లేరు ముళ్లు కాళ్లలో దిగుతున్నాయి. నాలుగో రాయి దగ్గర తండ్రి దున్నిన ఏడెకరాల చేను, ఒక్క గడ్డిపోచ లేదు. ఏడో రాయి దాటాక అడుగు తడబడింది. కడవ ఒరిగింది. ఏడీసీ ఒక్క ఉదుటున ముందుకు దూకితే మద్దిలేటి చేయి అడ్డం పెట్టాడు. తాకకూడదు గానీ పక్కన నడవొచ్చు కాబట్టి అంతసేపూ వెంటే నడుస్తున్నాడు మద్దిలేటి.

"ఏమప్పా, నాలుగేండ్లు గవర్నరు బువ్వ తిని ఇంతేనా? రెండు గొర్రెపిల్లల్ని రెండు సంకల్లో ఏసుకోని గుట్ట దిగేటోనివి."

"అప్పుడు నా తిండి గూడా నువ్వే తిని, బరువు తగ్గిచ్చినావు లే."

ఇద్దరూ నవ్వారు. నవ్వితే కడవ తొణికింది, తొణికితే ఇద్దరూ భయపడి నోరు మూసుకున్నారు. తొమ్మిదో రాయి మీద చారెడు పడేసరికి కడవలో మిగిలింది మట్టి ఒక్కటే.

వాన వచ్చిందా అంటే, ఆ రోజు రాలేదు. మబ్బు తునక కూడా లేదు. పొద్దు గుంకుతుంటే ఊరు లోపలికి తిరిగింది. ఓబుళేసు ఏడీసీని పిలిచి, ఉన్న పదవీ వద్దు, ఇస్తామన్న పదవీ వద్దని ఢిల్లీకి తంతి కొట్టమన్నాడు, కార్లు తీసుకుపొమ్మన్నాడు. కలెక్టరు రెండు మూడు సార్లు అడిగి చూశాడు, నమ్మకం కుదరక. కార్లు పోయిన దుమ్ము చాలాసేపు గాలిలోనే నిలబడింది.

ముళ్లకంప తీసి రామక్క పొయ్యి రగిలిస్తోంది. అరుగు మీద ఓబుళేసు కాళ్లలో ముళ్లు తీసుకుంటున్నాడు. మద్దిలేటి వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

"పశువులకు గడ్డి ఇయ్యమని సోమారం కుందుర్పి ఆఫీసుకు పోయి అడగల్ల. నిన్నటి మాదిరి ఐతే నువ్వు కనుసైగ చేస్తే పదిబండ్లు దిగేవి. ఇంగ నీ మాట ఎవురూ వినరు గదప్పా."

"వినరు" అన్నాడు ఓబుళేసు. ఇంకో ముల్లు లాగి పారేసి అడిగాడు: "ఎన్ని పశువులు మిగిలినాయి మనకి?"

మద్దిలేటి ఊరి తూర్పు కొసన మొదలుపెట్టి, ఇల్లిల్లూ పేరు పెట్టి చెప్పసాగాడు.