పదహారు పళ్ళ అరుపు

నేను ఒక చిన్న ఉక్కు గేరును. బొటనవేలి గోరంత ఉంటాను. చుట్టూ పదహారు పళ్ళు, మధ్యలో ఒక రంధ్రం, పక్కన బియ్యపు గింజంత స్క్రూ. రిమోట్‌తో నడిచే కార్లలో మోటారు ఇరుసుకు నన్ను బిగిస్తారు. నేను తిరిగితే నా పక్కనున్న పెద్ద ప్లాస్టిక్ గేరు తిరుగుతుంది, అది తిరిగితే చక్రాలు తిరుగుతాయి. కారు గెలిస్తే పేరు మోటారుకూ, నడిపినవాడికీ పోతుంది. దాని గురించి నాకు బాధేమీ లేదు. అసలు బాధ ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు, ఉక్కును కదా.

ఎక్కడ పుట్టానో చెప్పలేను. కడ్డీని ముక్కలు కోశారు, ఒక కత్తి నా చుట్టూ తిరిగి పళ్ళు దిద్దింది, ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. తర్వాత ప్లాస్టిక్ సంచిలో చాలాకాలం పడి ఉన్నాను. విశాఖపట్నంలో ఒక బొమ్మల దుకాణంలో నన్ను కొన్నవాడి పేరు డేవిడ్‌రాజు. గూడ్సు రైలు గార్డు. డ్యూటీ లేని ఆదివారాలు స్నేహితులతో కలిసి ఖాళీ మైదానంలో ఒక ఎర్ర కారును పందేలకు తిప్పుతాడు. యాభై దాటిన మనిషి బొమ్మకారు బోల్తాపడితే అయ్యయ్యో అంటూ పరుగెత్తడం మొదట్లో నాకు వింతగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

అతను నన్ను గాజువాకలో గౌరునాయుడు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఈ గౌరునాయుడు ముప్పై ఏళ్ళు ఓడల మరమ్మతు చేసిన మనిషి. ఓడ కడుపులో దూరి, నాలుగువైపులా ఇనుము మోగుతుంటే సుత్తితో తుప్పు రాల్చేవాడట. రిటైరయ్యాక ఇంటి అరుగు మీద బల్ల వేసుకుని మిక్సీలూ, టేబుల్ ఫ్యాన్లూ, ఇలాంటి కార్లూ బాగుచేస్తున్నాడు. ఆయన పేరంతా ఆయన చెవిలోనే ఉంది. స్క్రూడ్రైవర్ కొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు పోయిందో విప్పకుండానే చెప్పేవాడు.

నాకూ పెద్ద గేరుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఎక్కువైతే పళ్ళు జారి ప్లాస్టిక్ గేరు పాడవుతుంది. తక్కువైతే ఇద్దరం ఒరుసుకుంటాం, మోటారు కాగిపోతుంది. మోటారును పట్టుకునే రేకులో పొడుగాటి గాడి ఉంటుంది, ఆ గాడిలో రెండు స్క్రూలు. వాటిని వదులుచేసి మోటారును ముందుకూ వెనక్కూ జరుపుతూ సందు కుదర్చాలి. మిగతావాళ్ళు మా ఇద్దరి మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, మోటారును నొక్కి పట్టి, స్క్రూలు బిగించి, కాగితం బయటికి తీసేస్తారు. డేవిడ్‌రాజు ఆ మాటే అంటే గౌరునాయుడు పకపకా నవ్వాడు.

“కాయితం ఎట్టుకునేది సెవుల్లేనోళ్ళు. మనకెందుకు బాబూ?”

గొప్పలు పోవడం కాదు, నిజమే. ఒకసారి తిప్పి విన్నాడు, కొంచెం జరిపాడు, మళ్ళీ విన్నాడు, బిగించాడు. ఏడాదిపాటు నేను గుసగుసలాడినట్టు తిరిగాను.

ఆ తర్వాతి వానాకాలంలో కారు రాయికి కొట్టుకుని పెద్ద గేరు పగిలింది. గౌరునాయుడు కొత్తది వేశాడు, మళ్ళీ చెవితోనే సందు కుదిర్చాడు. ఆ రోజునుంచి నేను అరవడం మొదలుపెట్టాను.

జరిగింది ఇది. లారీ హారన్లు, డేవిడ్‌రాజు లావుపాటి గొంతు ఆయనకు ఇంకా అందుతున్నాయి. సన్నటి చప్పుళ్ళు మాత్రం ఒక్కొక్కటే జారిపోయాయి. నా అరుపు, కుక్కర్ కూత, భార్య నూకరత్నం గొంతు. ఆ సంగతి ఆయనకు తెలియదు, ఆమెకూ తెలియదు. మూడు కూతలు వస్తే పొయ్యి ఆపమని చెప్పి ఆమె ఒకరోజు కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పప్పు మాడి బొగ్గయింది, ఆయన రెండడుగుల దూరంలో కూర్చుని ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. తన మాటంటే లెక్కలేదని ఆమె అనుకుంది. పిలిస్తే పలకడు, అడిగితే బదులివ్వడు. కొన్నాళ్ళు గొంతు పెంచింది, తర్వాత మాట్లాడటమే మానేసింది. ఇల్లు ఈ మధ్య ప్రశాంతంగా ఉంటోందని ఆయన అనుకున్నాడు. మాట్లాడుకునే నోళ్ళు ఉండి కూడా మనుషులు ఇలా ఎలా బతుకుతారో నాకు అర్థం కాలేదు.

డేవిడ్‌రాజు మొదటిసారి తిరిగి వచ్చి, అరుస్తోందని చెబితే గౌరునాయుడు మోటారు స్క్రూలు మార్చాడు. రెండోసారి వస్తే సందు ఎక్కువైందన్నాడు. “బిగువైతే సన్నగా అరస్తాది. ఆ అరుపు నాకు ఇనబడదా? ఇది వదులు సప్పుడే,” అంటూ నన్ను పెద్ద గేరుకు ఇంకా గట్టిగా నొక్కి బిగించాడు. నా పళ్ళు అరగడం మొదలైంది. చెప్పానుగా, నొప్పి లేదు.

మూడోసారి వచ్చేసరికి కారులోంచి మాడు వాసన వస్తోంది. ఉదయం పదకొండు గంటలైంది.

“ఏమనుకోకండి గురువుగారూ,” అన్నాడు డేవిడ్‌రాజు. “మోటారు మీద చెయ్యి పెట్టలేకపోతున్నానండీ. ఒక్కసారి కాగితం పెట్టి చూద్దామా?”

“నా సెవి మీద నమ్మకం పోయినాదేటి?”

గౌరునాయుడు కారును ఇటుక మీద ఎత్తిపెట్టి, చక్రాలు గాలిలో ఉండగా స్విచ్ వేశాడు. చెవిని నా దగ్గరికి తెచ్చాడు. నేను నా పదహారు పళ్ళతో అరిచాను. చూరు మీది పావురాలు లేచిపోయాయి. డేవిడ్‌రాజు రెండు చెవులూ మూసుకున్నాడు. గౌరునాయుడు తృప్తిగా తలూపాడు.

“సూడండి, ఎంత నిమ్మళంగా తిరుగుతన్నాదో.”

పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చిన నూకరత్నం గడపలో ఆగిపోయింది. ఈ అరుపును ఆమె లోపలినుంచి చాలాసార్లు వింది కానీ, ఆ సమయంలో మొగుడి ముఖం ఎప్పుడూ చూడలేదు. డేవిడ్‌రాజు స్విచ్ ఆపాడు. ఆమె ఆయన వెనక నిలబడి, “ఏటయ్యా,” అంది. ఆయన బట్టతో బల్ల తుడుస్తున్నాడు. “నిన్నే,” అంది. మూడోసారి డేవిడ్‌రాజు ఉలిక్కిపడేంత గట్టిగా పిలిచింది. ఆయన బల్ల తుడుస్తూనే ఉన్నాడు.

ఆమెలో ఇన్ని నెలల కోపం ఒక్కసారిగా పోయింది. దాని చోటికి ఏమీ రాలేదు. ఏడుపు రాలేదు, జాలి కూడా రాలేదు. ఆ స్థితి నాకు బాగా తెలుసు, నేనుండేది అందులోనే.

లోపలికి వెళ్ళి, చేతులు తుడుచుకుని, రోజుకో కాగితం చింపే గోడ క్యాలెండర్లోంచి నిన్నటి తేదీ చింపుకొచ్చింది. ఆయనకు ఎదురుగా వచ్చి బల్ల మీద పెట్టింది.

“కాయితం దేనికే?” నవ్వాడు గౌరునాయుడు. “కాయితం ఎట్టుకునేది సెవుల్లే...”

మాట అక్కడే ఆగిపోయింది. డేవిడ్‌రాజు వైపు చూశాడు. అతను తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె ముఖం తిప్పుకోలేదు.

ఆయన కత్తెర తీసి ఆ తేదీని సన్నగా కత్తిరించాడు. మా ఇద్దరి మధ్య దూర్చి చక్రాన్ని వేలితో తిప్పాడు. మా మధ్య సందు లేక, కాగితం చిల్లులు పడి, చిరిగి ఇవతలికి వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను విప్పాడు. నా పళ్ళు అరిగి మొనదేలి పనికిరాకుండా పోయాయి. డేవిడ్‌రాజు సంచిలోంచి నాలాంటిదే ఇంకొకటి ఇచ్చాడు. దాన్ని బిగించి, ఇంకో ముక్క కత్తిరించి మధ్యలో పెట్టి, మోటారును నొక్కి స్క్రూలు బిగించాడు. ఈసారి కాగితం మెట్లుమెట్లుగా మడతలు పడి, చిరగకుండా వచ్చింది.

స్విచ్ వేశాడు. చెవి వంచలేదు. భార్య ముఖం వైపు చూశాడు.

“అరస్తన్నాదా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఎన్నాళ్ళయినాది నాకు ఇలాగ?”

“దసరా ముందునుంచి,” ఆమె ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. “పిలిస్తే పలకడం మానేసినావు. కోపం అనుకున్నాను. నానూ మానేసినాను.”

“అప్పుడు ఏటి అడిగేదానివి?”

ఆమె ఆలోచించింది. చెప్పుకోదగ్గది ఏమీ తట్టలేదు.

“ఏటీ నేదు. తిన్నావా అని.”

ఆయన చేతిలోని కాగితం ముక్కను బల్ల మీద పెట్టి, వేలితో చదును చేశాడు.

“తిన్నాను,” అన్నాడు. “అన్ని పూట్లా తిన్నాను.”

నన్ను ఒక పాత డబ్బా మూతలో, తలలు అరిగిన స్క్రూల మధ్య వేశాడు. చిరిగిన కాగితం కూడా అందులోనే ఉంది. ఆదివారం పందెంలో డేవిడ్‌రాజు గెలిచాడో లేదో నాకెవరూ చెప్పలేదు. తెలుసుకోవాలని కూడా లేదు. బల్ల మీద ఇప్పుడు ఒక కాగితాల కట్ట ఉంటుంది. గడిచిపోయిన తేదీలన్నీ నూకరత్నమే చింపి తెచ్చి పెడుతుంది. మధ్యాహ్నం ఆమె వంటింట్లోంచి పిలవదు. నడిచి వచ్చి, బల్లకు ఎదురుగా, ముఖం మీద వెలుతురు పడేచోట నిలబడుతుంది. ఆయన పని ఆపి ఆమె పెదాలు చూస్తాడు. అన్నం వడ్డించి వెళ్ళింది ఆమే. అయినా తిన్నావా అని అడుగుతుంది.